దగ్గరి బాటకు దారి నియమాలు

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగపాఠం)



డెబ్బది అయిదు సంవత్సరాలు నిండిన విద్యాలయ ఉత్సవంలో గడచిన కాలాన్ని స్మరించుకోవడం సంప్రదాయం. ఆ కర్తవ్యాన్ని ఇతర వక్తలు చక్కగా నిర్వహించారు. ఈ ప్రసంగానికి ఎన్నుకొన్న విషయం నేటి తరగతి గదికి సంబంధించినది. పిల్లవాని చేతిలోని ఫోనుకు, గోడమీది తెరకు పాఠం ఏ దారిన వచ్చి చేరుతున్నది, ఆ దారిని నిర్ణయించే నియమాలెట్టివి, అవి తప్పినపుడు ఏమి జరుగుతుంది అన్నవే ఇందులోని అంశాలు. పూర్వ విద్యార్థులలో కొందరికి ఇది నిత్యవృత్తి. తక్కిన వారికి కూడా తెలియదగిన విషయమే, ఎందుచేతనంటే దాని ఫలితాన్ని అనుభవించేది అందరి ఇండ్లలోని పిల్లలే.

షోలాపూరు, బరంపురం, బళ్ళారి, హోసూరు మొదలైన చోట్ల తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి తెలుగు పాఠ్యపుస్తకం, తెలుగు బోధకుడు దొరకడం ఆంధ్రదేశంలో దొరికినంత సులభం కాదు. 2020 మార్చిలో బడులు మూతపడినపుడు ఈ కొరత మరింత స్పష్టమైనది. 2017లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన 'దీక్షా' వంటి వేదికలలోని తెలుగు పాఠాలు, ఉపాధ్యాయులు స్వయంగా తయారుచేసిన వీడియోలు ఆ రోజులలో ఆదుకొన్నవి. ఆ నెలాఖరున భారతదేశంలోని పెద్ద వీడియో సంస్థలు ఫోన్ నెట్‌వర్కులపై భారం తగ్గించడానికి కొంతకాలం చిత్రాల స్పష్టతను తామే తగ్గించుకొన్నవి. పాఠం సిద్ధంగా ఉన్నంత మాత్రాన చాలదనీ, అది నడచి వచ్చే బాట కూడా బాగుండాలనీ నాడు దేశమంతటికీ తెలిసింది.

మొదట దూరం సంగతి చూద్దాము. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. చెన్నై నుండి సింగపూరుకు సముద్రగర్భపు తీగ మార్గం సుమారు 3,000 కిలోమీటర్లు. అడిగిన మాట అక్కడికి పోయి బదులు తిరిగి రావడానికి కనీసం 30 మిల్లీసెకండ్లు కావాలి. అమెరికా తూర్పు తీరానికైతే 200 మిల్లీసెకండ్లకు పైగా పడుతుంది. ఇది రెప్పపాటు కాలమే. అయితే ఒక పుట తెరపై విచ్చుకోవడానికి ఇట్టి రాకపోకలు పది జరిగితే రెండు సెకండ్లు గడిచిపోతాయి. అదే వీడియోను వెయ్యిమంది పిల్లలు చూస్తే అదే సరకు వెయ్యిసార్లు సముద్రం దాటవలసి వస్తుంది. ఈ వ్యర్థ ప్రయాణాన్ని తప్పించడానికి పుట్టినవే కంటెంట్ డెలివరీ నెట్‌వర్కులు. క్లుప్తంగా వీటిని సీడీఎన్ అంటారు. ఎక్కువగా అడిగే విషయాల ప్రతులను అవి ఊరూరా గిడ్డంగులలో నిలువచేసి, అడిగినవారికి సమీప గిడ్డంగి నుండి అందజేస్తాయి.

ఈ ఆలోచనకు గణితశాస్త్రమే పునాది. వరల్డ్ వైడ్ వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ 1990ల మధ్యకాలంలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోని సహచరుల ముందు రానున్న రద్దీని గురించిన సమస్యను ఉంచాడు. అక్కడి గణితాచార్యుడు టామ్ లైటన్, ఆయన శిష్యుడు డానియల్ లెవిన్ దానికి పరిష్కారం వెదకి 1998లో అకమై అనే సంస్థను స్థాపించారు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో జంట భవనాలను మొదట ఢీకొన్న విమానంలో లెవిన్ మరణించాడు. ఆ రోజున వార్తల కోసం ప్రపంచమంతా ఒక్కసారిగా ఎగబడగా, ఆయన వేసిన పునాదిపై లేచిన వ్యవస్థ ఆ భారాన్ని మోయడంలో పాలుపంచుకొన్నది.

గిడ్డంగి దగ్గర ఉంటే సరిపోదు. ఇంటికి ఇంటర్నెట్ అందించే సంస్థకూ, ఆ గిడ్డంగికీ మధ్య బాట ఉండాలి. అట్టి బాటలు మూడు విధములు. మొదటిది, పైస్థాయిలోని పెద్ద సంస్థకు రుసుము చెల్లించి దాని మీదుగా ప్రపంచమంతటికీ పోవడం. దీనిని ట్రాన్సిట్ అంటారు. రెండవది, సంత వంటి ఉమ్మడి కూడలిలో పలు సంస్థలు కలుసుకొని సరకు మార్చుకోవడం. మన దేశంలో ఇందుకై 2003లో నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్, అనగా నిక్సీ, ఏర్పడింది. మూడవది, రెండు సంస్థల రౌటర్లు ఒకే డేటా సెంటరులో ఉన్నపుడు వాటి మధ్య ఇతరులెవ్వరూ వాడని సొంత ఫైబరు తీగను వేసుకోవడం. దీనికే ప్రైవేట్ ఇంటర్‌కనెక్ట్ అని పేరు. రెండు ఇండ్ల పెరళ్ళ మధ్య తెరచుకొన్న సొంత వాకిలి వంటిది ఇది. సాధారణంగా ఇరుపక్షాలూ ఒకరికొకరు రుసుము చెల్లించుకోరు, ఎవరి ఖర్చు వారే భరిస్తారు. రాకపోకల పరిమాణం తగినంత ఉన్నపుడే సీడీఎన్ సంస్థలు ఇట్టి వాకిలి తెరుస్తాయి.

తీగ వేయగానే దారి ఏర్పడిందని భావించరాదు. ఊరికి కొత్త రోడ్డు వేసినా, ఆ రోడ్డున ఏ బస్సు పోవాలో ఎవరో నిర్ణయించి పలక కట్టనంతవరకు బస్సులన్నీ పాత దారినే పోతాయి. ఇంటర్నెట్టులో ఆ పలక కట్టే విధానాన్ని బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్, క్లుప్తంగా బీజీపీ అంటారు. 1989 జనవరిలో ఆస్టిన్ నగరంలో జరిగిన సాంకేతిక సమావేశంలో, భోజన విరామ సమయాన, కర్క్ లాహీడ్, యాకొవ్ రెఖ్టర్ అనే ఇద్దరు నిపుణులు చేతి రుమాలు కాగితాలపై దీని మొదటి రూపాన్ని గీసుకొన్నారు. ఆ ఏడాది జూనులోనే అది గ్రంథస్థమైంది. దాని నాలుగవ రూపం 1994 నుండి వాడుకలో ఉన్నది, 2006లో సవరించిన పత్రమే నేటికీ ఆధారం. నేడు ఇంటర్నెట్టులో 70 వేలకు పైగా స్వతంత్ర నెట్‌వర్కులున్నాయి. ఒక్కొక్కదానికి ఒక సంఖ్య ఉంటుంది. ప్రతి నెట్‌వర్కూ తన పొరుగు నెట్‌వర్కుతో 'ఈ చిరునామాలకు నా ద్వారా పోవచ్చు' అని ప్రకటిస్తుంది. విన్నది నమ్మడమా, మానడమా, నమ్మిన దానిని ఇంకెవరికి చెప్పడం అనేవి ఎవరి నియమాలను బట్టి వారు నిర్ణయించుకొంటారు. దారి నియమాలంటే ఇవే.

అన్నిటికంటే ముందు వచ్చే నియమం, మరింత నిర్దిష్టమైన చిరునామాదే గెలుపు. దీనిని గ్రహించడానికి 1972లో వచ్చిన పిన్‌కోడ్ చాలును. మొదటి అంకె మండలాన్ని, మొదటి మూడంకెలు తపాలా వేరుచేసే జిల్లాను, ఆరంకెలు కలిసి అంచె కార్యాలయాన్ని సూచిస్తాయి. పుదుచ్చేరి నగరపు పిన్‌కోడ్ 605తో మొదలవుతుంది. ఆ కేంద్రపాలిత ప్రాంతానికే చెందిన యానాం పిన్‌కోడ్ 533464. అది గోదావరి తీరంలోని చుట్టుపక్కల ఊళ్ళ వరుసలోనిది. 'పుదుచ్చేరి ఉత్తరాలన్నీ 605కు' అన్న సామాన్య నియమాన్ని మాత్రమే పాటిస్తే యానాం ఉత్తరం వందల మైళ్ళు దక్షిణానికి పోయి తిరిగి రావాలి. 'యానాం మాత్రం 533464' అన్న నిర్దిష్ట నియమం ఉన్నందున అది తిన్నగా చేరుతున్నది. పరిపాలన ఎవరిదైనా తపాలా నడిచేది బాటను బట్టి. రౌటరు కూడా ఇట్లే ఆలోచిస్తుంది. చిరునామా ఆరంభంలోని అంకెల వరుసను, వ్యాకరణంలోని మాటతో చెప్పాలంటే ఉపసర్గ అనవచ్చు. ఎక్కువ పొడవైన ఉపసర్గ ఎక్కడ సరిపోతే ఆ బాటనే రౌటరు పట్టుకొంటుంది. ఆ బాట మంచిదా, చెడ్డదా అన్న విచారణ ఆ తరువాతి మాట.

ఈ ఒక్క నియమాన్ని మరచినందువల్ల లక్షలు పోసి వేసుకొన్న ప్రత్యేక బాట వెలవెలబోయే సందర్భాలుంటాయి. ఒక ఇంటర్నెట్ సంస్థకు 20 బిట్ల ఉపసర్గ, అనగా 4,096 చిరునామాలు ఉన్నాయనుకొందాము. సీడీఎన్‌తో గల ప్రత్యేక బాటపై ఆ సంస్థ ఈ మొత్తాన్ని ఒకే ముక్కగా ప్రకటించింది. పైస్థాయి ట్రాన్సిట్ బాటపై మాత్రం ఏదో పాత అవసరం కొద్దీ అదే మొత్తాన్ని 24 బిట్ల ఉపసర్గలుగా, ముక్కకు 256 చొప్పున 16 ముక్కలుగా ప్రకటించింది. సీడీఎన్ రౌటరు ఆ రెండు ప్రకటనలను విన్నచో ముక్కలనే నమ్ముతుంది, ఎందుకనగా అవి మరింత నిర్దిష్టములు. అప్పుడు వీడియోలన్నీ రుసుము చెల్లించే దూరపు దారినే వస్తాయి, పక్కనున్న సొంత వాకిలి ఖాళీగా ఉంటుంది. తీగలో దోషం లేదు, యంత్రంలో దోషం లేదు. దోషమంతా రెండు చోట్ల రెండు విధాలుగా చెప్పిన మాటలో ఉన్నది. కాబట్టి ప్రత్యేక బాటపై చెప్పే చిరునామాలు ఇతర బాటలపై చెప్పేవాటికంటే తక్కువ నిర్దిష్టంగా ఉండరాదు.

ఉపసర్గలు సమానమైనపుడు రెండవ నియమం వస్తుంది. సంస్థ తన రౌటరులో ప్రతి బాటకు ఒక ప్రాధాన్యపు అంకె వేస్తుంది. పలు యంత్రాలలో ఈ అంకె సహజంగా 100గా ఉంటుంది. ప్రత్యేక బాటకు 200, ఉమ్మడి కూడలికి 150, ట్రాన్సిట్‌కు 100 అని వేసుకొంటే పెద్ద అంకె గల బాటకే మొదటి అవకాశం. ప్రాధాన్యం కూడా సమానమైతే తక్కువ నెట్‌వర్కులను దాటే బాటను ఎన్నుకొంటుంది. అదీ సమానమైతే పొరుగువాడు సూచించిన తారతమ్యాన్ని చూస్తుంది.

ఇక్కడ సాధారణంగా కలిగే భ్రమ ఒకటి ఉన్నది. ప్రాధాన్యపు అంకె వేసినవాడు తన గడప దాటి పోయే సరకునే శాసించగలడు, వచ్చే సరకును శాసించలేడు. పిల్లవాడు పాఠాన్ని కోరుతూ పంపే సందేశం గోరంత, బదులుగా వచ్చే వీడియో కొండంత. ఆ కొండంత సరకు ఏ దారిన రావాలో నిర్ణయించేది సీడీఎన్ సంస్థ. ఇంటర్నెట్ సంస్థ చేయగలిగినదల్లా తన చిరునామాలను ఎక్కడ, ఎంత నిర్దిష్టంగా, ఏ సూచనతో ప్రకటించాలో శ్రద్ధగా చూసుకోవడమే. ఇంటికి వచ్చే చుట్టాన్ని ఫలానా దారినే రమ్మని ఆజ్ఞాపించలేము. ఆనవాళ్ళు సరిగా చెప్పగలము, అంతే.

మూడవ నియమం, విన్నదంతా అందరికీ చెప్పరాదు. చైనాలో పుట్టి అమెరికాలో ఆచార్యపదవి నిర్వహించిన లిక్సిన్ గావ్, మరొక ఆచార్యురాలు జెన్నిఫర్ రెక్స్‌ఫర్డ్, ఈ ఇద్దరు మహిళలు దాదాపు పాతికేళ్ళ క్రితం దీనికి సిద్ధాంతరూపం ఇచ్చారు. కొనుగోలుదారు చెప్పిన బాటలను అందరికీ చెప్పవచ్చు. సాటివాడు చెప్పినవి, పైస్థాయి సంస్థ చెప్పినవి తన కొనుగోలుదారులకు మాత్రమే చెప్పాలి. ఎవరికి వారు ఈ మర్యాద పాటిస్తే చాలు, కేంద్రాధికారి ఎవరూ లేకుండానే మొత్తం వ్యవస్థ స్థిరంగా ఉంటుందని వారు గణితరీత్యా నిరూపించారు. ప్రత్యేక బాటకు దీనిని అన్వయిస్తే నియమం ఇది: ఇంటర్నెట్ సంస్థ తన చిరునామాలను, తన కొనుగోలుదారుల చిరునామాలను మాత్రమే సీడీఎన్‌కు చెప్పాలి. సీడీఎన్ నుండి విన్న బాటలను ఇతర సాటి సంస్థలకు, ట్రాన్సిట్ సంస్థలకు చేరవేయరాదు. ఇందుకై ప్రకటనకు 'బయట చెప్పరాదు' అన్న అర్థం గల 65535:65281 అనే గుర్తును తగిలించే ఏర్పాటు 1996 నుండియే ఉన్నది.

ఈ మర్యాద తప్పితే ఏమవుతుందో 2017 ఆగస్టు 25న జపాను చవిచూసింది. గూగుల్ సంస్థ తన సాటి నెట్‌వర్కుల నుండి విన్న లక్షకు పైగా బాటలను పొరపాటున వెరైజాన్ అనే పెద్ద సంస్థకు చెప్పింది. ఆ సంస్థ వాటిని స్వీకరించింది. జపానుకు పోవలసిన రాకపోకలు గూగుల్ నెట్‌వర్కు మీదుగా మళ్ళి దారి మధ్యలో ఆగిపోయాయి. కొద్ది నిమిషాలలోనే తప్పు సవరించినా, దాని ప్రభావం జపానులో చాలా సేపు కనిపించింది. గూగుల్ క్షమాపణ చెప్పుకొన్నది. విషయాన్ని పంచిపెట్టే సంస్థ ఉన్నట్టుండి ఇతరుల సరకు మోసే దారిగా మారడమే నాటి అనర్థం.

2019 జూన్ 24న జరిగినది మరింత బోధప్రదమైనది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రానికి చెందిన ఒక ఇంటర్నెట్ సంస్థ తన లోపలి సౌకర్యం కోసం ఇతరుల ఉపసర్గలను ముక్కలు చేసే ఒక సాఫ్ట్‌వేరును వాడింది. ఆ ముక్కలు దాని కొనుగోలుదారైన ఒక లోహ పరిశ్రమకు తెలిశాయి. ఆ పరిశ్రమకు రెండవ కనెక్షన్ కూడా ఉన్నందున అవి అక్కడి నుండి వెరైజాన్‌కు, వెరైజాన్ నుండి ప్రపంచానికి పాకాయి. ముక్కలు నిర్దిష్టములు గనుక మొదటి నియమం ప్రకారం అవే గెలిచాయి. క్లౌడ్‌ఫ్లేర్ అనే సీడీఎన్ సంస్థ తీవ్రమైన సమయంలో తన మొత్తం రాకపోకలలో సుమారు 15 శాతాన్ని కోల్పోయింది. ఒక పరిశ్రమ కోసం వేసిన సన్నని తీగమీదికి మహానగరమంతటి రద్దీ ఎక్కితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

నాలుగవ నియమం, చెప్పిన మాటను పరీక్షించి స్వీకరించాలి. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికం సంస్థ ప్రభుత్వ ఆజ్ఞ మేరకు తమ దేశంలో యూట్యూబును నిరోధించబూని, యూట్యూబు చిరునామాలలోని 256ను తనవిగా ప్రకటించుకొన్నది. ఆ ప్రకటన దేశం లోపలే ఉండవలసినది, పైస్థాయి సంస్థకు చేరింది. ఆ సంస్థ విచారించకుండా ప్రపంచానికి చాటింది. యూట్యూబు తన 1,024 చిరునామాలను ఒకే ముక్కగా ప్రకటించి ఉన్నది, అందువల్ల చిన్న ముక్కే గెలిచింది. దాదాపు రెండు గంటలపాటు ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబు అందకుండా పోయింది. అబద్ధం చెప్పినవాని కంటే విచారించక దానిని మోసుకుపోయినవాని బాధ్యత ఎందుకు తక్కువ కాదో ఈ సంఘటన చెబుతుంది.

ఈ పరీక్షకు నేడు సాధనాలున్నాయి. ఏ చిరునామాలను ఏ నెట్‌వర్కు ప్రకటించవచ్చునో తెలిపే, డిజిటల్ సంతకం గల అధికారపత్రాలున్నాయి. వీటి వ్యవస్థను ఆర్పీకేఐ అంటారు. పొరుగు సంస్థ సాధారణంగా వంద బాటలు చెప్పేదై ఉండి హఠాత్తుగా పదివేలు చెప్పనారంభిస్తే సంబంధాన్ని తానే తెంచివేసే గరిష్ఠ పరిమితి ఏర్పాటు ఉన్నది. అయితే అధికారపత్రం చిరునామా మూలాన్నే ధ్రువపరుస్తుంది. మూలం సరైనదై నడుమ దారి తప్పుదైతే అది పట్టుకోలేదు. అందుకే పొరుగువాడు కొనుగోలుదారా, సాటివాడా, పైవాడా అన్న సంబంధాన్ని ఇరుపక్షాల రౌటర్లే ముందుగా నిర్ధారించుకొనే విధానాన్ని 2022లో చేర్చారు.

వీటన్నిటికంటే చిన్నదిగా కనిపించి గొప్ప మార్పు తెచ్చిన నియమం 2017 జూలైలో వెలువడింది. ఆర్‌ఎఫ్‌సీ 8212 అని దాని సంఖ్య. అంతకు పూర్వం పలు రౌటర్లలో ఏ నియమమూ వ్రాయకపోతే 'అన్నీ వినవచ్చు, అన్నీ చెప్పవచ్చు' అని అర్థం. వ్రాయనిచో 'ఏదీ వినరాదు, ఏదీ చెప్పరాదు' అని ఈ పత్రం తిరగవేసింది. మౌనం అర్ధాంగీకారం అన్న సామెత ఇక్కడ చెల్లదన్నమాట. పాఠశాల వాకిటి నియమం కూడా ఇదియే. సాయంత్రం పిల్లను తీసుకుపోవడానికి వచ్చినవారి పేరు పుస్తకంలో ఉంటేనే పంపుతారు. 'వద్దని ఎవరూ వ్రాయలేదు గదా' అన్న వాదం ఏ కావలివాని వద్దా చెల్లదు. ఎంత పరిచయమున్నా పుస్తకం చూడడం అవతలివారిని అవమానించడం కాదు, పిల్ల పట్ల చూపవలసిన శ్రద్ధ.

అయిదవ నియమం, బాట తెగినపుడు ఏమి చేయాలో తెగక ముందే వ్రాసి ఉంచాలి. 2008 జనవరి 30న ఈజిప్టు తీరంలో సముద్రగర్భపు తీగలు తెగినపుడు భారతదేశంలో ఇంటర్నెట్ మందగించిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండవచ్చు. ప్రత్యేక బాట సముద్రం దాటదు గాని, డేటా సెంటరులో విద్యుత్తు పోవడం, యంత్రం చెడడం మామూలే. కాబట్టి రెండు వేరువేరు భవనాలలో, వీలైతే రెండు వేరువేరు నగరాలలో బాటలుండాలి. వాటి పరిమాణంలో చిన్న లెక్క ఉన్నది. రెండు బాటలూ నూటికి 60 పాళ్ళు నిండి నడుస్తున్నచో ఒకటి తెగిన క్షణాన రెండవదానిపై నూట ఇరవై పాళ్ళ భారం పడుతుంది. అప్పుడు అదీ కుంటుపడుతుంది. సగం మించి నింపరాదన్నదే ఇందలి నీతి. ఖాళీగా కనిపించే ఆ సగభాగం ఆపదకు దాచిన ధాన్యం వంటిది, దానిని వ్యర్థమనుకోరాదు.

కాలం సంగతి కూడా గమనించాలి. పొరుగు రౌటరు మౌనం వహించినపుడు అది పనిచేయడం లేదని నిర్ణయించడానికి బీజీపీ ప్రమాణపత్రం సూచించిన గడువు 90 సెకండ్లు. కొన్ని యంత్రాలలో ఇది 180 సెకండ్లు. తీగ పూర్తిగా తెగితే వెంటనే తెలుస్తుంది గాని, నడుమ పరికరం చెడి తీగ బాగున్నట్లే కనిపించినపుడు ఆ మూడు నిమిషాలూ పాఠాలు శూన్యంలోకి పోతూ ఉంటాయి. బీఎఫ్‌డీ అనే పరీక్షను జోడించి, సెకనులో మూడవ వంతుకొకసారి పలకరించుకొంటూ మూడు పలకరింపులకు బదులు రానిచో వెంటనే రెండవ బాట పట్టేట్లు చేస్తే ఈ గడువు ఒక్క సెకనుకు తగ్గుతుంది. ముందే తెలిసిన మరమ్మతుకైతే బాటను తటాలున తెంపరాదు. 'ఈ దారి త్వరలో మూయబడును' అన్న గుర్తును ముందుగా ప్రకటించి, రాకపోకలు మళ్ళిన పిమ్మట మూయాలి. ఇందుకు 65535:0 అనే గుర్తును 2018లో నిర్ణయించారు.

ఇంతవరకు చెప్పినది యంత్రాల సంగతి. దీని వల్ల ఎవరికి మేలు, ఎవరికి కీడు అన్నది అసలు ప్రశ్న. ప్రత్యేక బాట రాకపోకలు ఎక్కువ గల పెద్ద సంస్థలకే లభిస్తుంది. చిన్న ఊరిలో కేబుల్ ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే సంస్థకు అంత రద్దీ ఉండదు. దానికి ఉమ్మడి కూడలియే ఆధారం, కాదంటే పైవారి దయ. పెద్దలందరూ సొంత వాకిళ్ళు తెరచుకొని కూడలిని నిర్లక్ష్యం చేస్తే నష్టపోయేది ఆ చిన్న ఊరి పిల్లలే. సంపన్నులు సొంత బావులు త్రవ్వుకొన్నాక ఊరి చెరువు పూడిక తీసేవారు లేకపోయిన గ్రామాలు మన దేశంలో తక్కువ కాదు.

మరొక విషయం తెలుగువారు ప్రత్యేకంగా గమనించదగినది. సీడీఎన్ గిడ్డంగి ఎంత పెద్దదైనా దానికి హద్దు ఉన్నది. తరచుగా అడిగే ప్రతులను అది దగ్గర ఉంచుకొంటుంది, చాలాకాలంగా ఎవరూ అడగని వాటిని తొలగించి కొత్తవాటికి చోటిస్తుంది. ఒక నగరంలో లక్షమంది అడిగే సినిమాపాట ఎప్పుడూ దగ్గరే ఉంటుంది. తెలుగు ప్రాంతానికి దూరంగా ఉన్న పట్టణంలో ఏడాదికి నలుగురు మాత్రమే అడిగే పదవ తరగతి తెలుగు వ్యాకరణ పాఠం అక్కడి గిడ్డంగిలో నిలువ ఉండదు. అడిగిన ప్రతిసారీ అది దూరపు మూలస్థానం నుండి రావాలి. గిడ్డంగికి తెలుగుపై ద్వేషం లేదు, ప్రేమ లేదు. దానికి తెలిసినది లెక్క ఒక్కటే. ఆ లెక్కలో చోటు సంపాదించడం అడిగేవారి చేతిలో ఉన్నది.

కావున తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంటికి గాని, బడికి గాని ఇంటర్నెట్ తీసుకొనేటపుడు 'ఎన్ని ఎంబీలు, ఎంత ధర' అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. 'ఉమ్మడి కూడలిలో కలుస్తున్నారా? వీడియో సంస్థలతో దగ్గరి బాట ఉన్నదా? అది తెగితే రెండవ దారి ఏది? దాని పరిమాణమెంత?' అని అడగండి. అడిగేవారుంటేనే బదులు చెప్పేవారు సిద్ధపడతారు.

ఉపాధ్యాయులకు మరొక మనవి. మంచి తెలుగు పాఠం దొరికినపుడు దానిని ఒకసారి చూపి వదలివేయక, పిల్లలచేత ఇంటివద్ద మరల మరల చూడనివ్వండి. పక్క ఊరి తెలుగు బడికి కూడా తెలియజేయండి. వాడుక గల పాఠం దగ్గర నిలుస్తుంది. భాష విషయంలోనూ ఇదే సత్యమని వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ రంగంలో పనిచేస్తున్న పూర్వ విద్యార్థినీ విద్యార్థులకు చెప్పదగినది ఒకటే. రౌటరులో వ్రాసే ఒక్క పంక్తికి ఎన్నడూ చూడని ఊళ్ళ పిల్లల పాఠం కట్టుబడి ఉంటుంది. తమవి కాని చిరునామాలను తమవని చెప్పవద్దు. విన్నదానిని విచారించక మోయవద్దు. తెరచిన ప్రతి వాకిటికీ ఎవరు రావచ్చునో, ఎవరు పోవచ్చునో వ్రాసి ఉంచండి. ఆపదకు సగం చోటు మిగల్చండి. నియమాలను మార్చేముందు మరొకరిచేత ఒకసారి చదివించండి. ఇవన్నీ ఈ బడిలో ఒకటవ తరగతి నుండి నేర్పిన నడవడికి భిన్నమైనవి కావు, పనిముట్టు మాత్రమే కొత్తది.

డెబ్బది అయిదేళ్ళుగా ఎందరో దాతలు, ఉపాధ్యాయులు ఈ పాఠశాల బాటను పూడిపోకుండా కాపాడుతూ వచ్చారు. రాబోయే తరం ఈ బాటను, ఆ కనిపించని బాటను కూడా అదే శ్రద్ధతో కాపాడుగాక.